దొరసానమ్మ కుర్చీ, నా ఉప్పుకాగితం

పోయిన నెల తిరుపతిలో మా అన్న మనవరాలి పెళ్ళి జరిగింది. ముసలివాళ్ళను ముందు వరుసలో కూర్చోబెట్టడం మర్యాద కాబట్టి నన్నూ అక్కడే కూర్చోబెట్టారు. కల్యాణ మండపం వేదిక మీద పెళ్ళికొడుకుకూ పెళ్ళికూతురికీ వేసిన కుర్చీని ముహూర్తం అయ్యేదాకా అలాగే చూస్తూ ఉండిపోయాను. బంగారు రంగు, ఎర్రటి మఖమలు, జింక వెనక కాలు మాదిరి వంపు తిరిగిన కాళ్ళు, వీపు ఆనే చోట పైన గవ్వలూ ఆకులూ. ఇలాంటివాటిని ఇప్పుడు మహారాజా సోఫా అంటారట, ఏ పెళ్ళికి పోయినా ఇదే కనబడుతుంది. జనం భోజనాలకు లేచాక నేను మెల్లగా మెట్లెక్కి, ఎవరూ చూడటం లేదనుకుని, దాని కిందికి చెయ్యి పెట్టి అడుగు తడిమాను. అది కొయ్య కాదు, అచ్చులో పోసిన ఫైబరు. అడుగంతా పొక్కులూ గరుకూ. పెళ్ళికూతురి చెల్లెలు ఎక్కడినుంచి చూసిందో ఏమో, "ఏం ఎతుకుతా ఉండావవ్వా? ఎవురన్నా బబుల్‌గమ్ము అంటించినారా?" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వేశాను. అయితే చెయ్యి వెనక్కి తీసుకున్నాక మాత్రం అరచేతిలో ఏదో మంట మిగిలిపోయింది, అది గరుకు వల్ల వచ్చిన మంట కాదు.

నా ఈడువాళ్ళు ఇది చదివితే అర్థం చేసుకుంటారని రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై దగ్గర పడ్డాక. అందుకని నా రాత నెమ్మది, ఒక పేజీకి ఒక పూట పడుతుంది. చెప్పాల్సిన మాట ఒకటే అయినా దాని దగ్గరికి రావడానికి చాలా దూరం నడవాలి, కొంచెం ఓపిక పట్టండి.

మా నాయన వడ్రంగి మేస్త్రీ. చిత్తూరు నుంచి పూతలపట్టుకు పోయే దోవలో, రోడ్డుకు ఎడమపక్క రేకుల షెడ్డు మాది. నాయన కింద నలుగురు పనివాళ్ళు, మా అన్న, ఎమర్జెన్సీ అయిపోయిన మరుసటి ఏడాది నుంచి నేను. ఆడపిల్ల షెడ్డులో పని చేయడం అప్పట్లో మా వాళ్ళలో లేదు. నా పెనిమిటి నన్ను పుట్టింట్లో దిగవిడిచి పోయాడు. ఆయనకు ఆఫీసులో బంట్రోతు ఉద్యోగం వచ్చింది, నలుగురు చదువుకున్నవాళ్ళ మధ్య తిరిగేవాడికి మొద్దు పెళ్ళామా అని మా అత్త ఊరంతా వినబడేట్టు అనింది. నేను చిన్నప్పుడు రెండేళ్ళు పలక పట్టుకుని బడికి పోయినమాట నిజమే, కానీ ఆ రెండేళ్ళలో టీచరు పిల్లకాయను ఎత్తుకోవడం తప్ప నేను నేర్చిందేమీ లేదు. నాయనకు మాత్రం నేను చదవగలనని గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను చెరపలేదు. అంగడి పొట్లం విప్పితే ఆ కాగితాన్ని కాసేపు కళ్ళముందు పట్టుకుని, చదివినట్టు మడిచి పక్కన పెట్టేదాన్ని. ఎవరైనా చీటీ తెస్తే టీ తెచ్చే నెపంతో బయటికి పోయి, టీ అంగడాయనతో చదివించుకుని వచ్చి నాయనకు చెప్పేదాన్ని. అత్త అన్న మాట నిజం కాకూడదని నా పట్టుదల.

ఇంట్లో ఏడుస్తూ కూర్చున్న నన్ను షెడ్డుకు తెచ్చింది నాయనే. అన్న ఒప్పుకోలేదు. "ఆడదానికి కొయ్యపనేంది నాయనా, రేపు ఏదన్నా చెడిపితే ఎవురిని అడగాల?" అన్నాడు. నాయన వినలేదు. గరుకు ఇసక అంటించిన ఉప్పుకాగితం నా చేతికిచ్చి, కొయ్య చారకు ఎదురు పోకుండా చార వెంబడి రుద్దడం నేర్పించాడు. మగవాళ్ళకు ఆ పని చేయబుద్ధి కాదు, దుమ్ము, విసుగు, చూసేవాళ్ళకు కనబడని కష్టం. నాకు అది పట్టుబడింది. మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. పని అయిపోయిన ప్రతి సామానునూ తలకిందులుగా తిప్పించి, నాయన కళ్ళు మూసుకుని అడుగున అరచేయి నడిపేవాడు. ఎక్కడైనా చెయ్యి తట్టుకుంటే ఆ సామాను మళ్ళీ రుద్దాల్సిందే. "పైన మెరుపు కొన్నోడికి, కింద నునుపు మనకి" అనేవాడు. నేను రుద్దిన సామాను మీద ఆయన చెయ్యి ఒకసారి కూడా ఆగలేదు. కళ్ళు తెరిచి నా వైపు చూసి తల ఊపేవాడు. దిగవిడిచిన ఆడదాన్ని అనే మాట ఆ తల ఊపుతో ఆ పూటకు మరిచిపోయేదాన్ని. నాకు అదే తిండీ, అదే గుడ్డా.

ఆ రోజుల్లోనే తిరుపతిలో కొత్తగా కల్యాణ మండపం కట్టిస్తున్న ఒకాయన నాయన దగ్గరికి వచ్చాడు. పలమనేరు దాటి కొంతదూరం పోతే ఒక పాత జమీందారు ఇల్లుండేది, అందులో ఫ్రాన్సు దేశపు రాజుల కుర్చీ ఒకటి ఉందని, అచ్చం అలాంటివే పెళ్ళికుర్చీలు చేసివ్వాలని అడిగాడు. అంతవరకు ఫ్రెంచి అనే మాట నాకు పాలిష్ వల్లనే తెలుసు, లక్కను స్పిరిట్‌లో నానబెట్టి గుడ్డ ఉండతో పూసేదాన్ని ఫ్రెంచి పాలిష్ అనేవాళ్ళం. అదొక దేశమనీ, దానికి రాజులుండేవారనీ అప్పుడే విన్నాను. ఫోటో తెప్పిస్తానని ఆయన అన్నాడు గానీ నాయన ఒప్పుకోలేదు. "బొమ్మ సూసి చేస్తే బొమ్మ వస్తాది, కుర్చీ రాదు సామీ" అన్నాడు. మాదిరి చేతికింద ఉండాలి, తడమాలి, తిప్పాలి, అప్పుడే పని.

జమీందారు పోయి చాలా ఏళ్ళయింది. ఇంట్లో ఆయన భార్య ఒక్కతే ఉండేది, చుట్టుపక్కల అందరూ ఆమెను దొరసానమ్మ అనేవాళ్ళు. ఆ ఇంటి తలుపులు మా జేజినాయన, అంటే నాయనకు నాయన, చేసినవి. ఆ పరిచయం వల్ల ఆమె కుర్చీని ఇవ్వడానికి ఒప్పుకుంది. కాగితం రాయించుకోలేదు, సాక్షిని పెట్టుకోలేదు. నాయన ఆమె ముందు చేతులు కట్టుకుని, ఏడుకొండల సామి మీద ఆన పెట్టి, ఎట్లా తీసుకుపోతానో అట్లనే తెచ్చిస్తానని మాట ఇచ్చాడు. కూరగాయల లారీలో ఆ కుర్చీని దుప్పట్లలో చుట్టి, మొగిలి ఘాటు దిగేంతసేపూ తాను గంపల మధ్య కూర్చుని దాన్ని ఒళ్ళో పెట్టుకుని వచ్చాడట. షెడ్డు ముందు దిగేటప్పటికి ఆయన కాళ్ళు తిమ్మిరెక్కి నిలబడలేకపోయాడు.

ఆ కుర్చీలో ఒక్క గీత కూడా తిన్నగా లేదు. మా పని అంతా దారం పట్టి, మట్టం చూసి చేసే పని. ఆ కుర్చీకి దారం పట్టడానికి చోటే లేదు. కాళ్ళు వంపు, చేతులు వంపు, వీపు వంపు, కూర్చునే చట్టం కూడా ముందువైపు అలలాగా వంపు. దాని మీద బంగారు రేకు అక్కడక్కడా అరిగి, కింద ఎర్రటి పూత కనిపిస్తుండేది. నాయన మూడు రోజులు ఉలి పట్టకుండా దాని చుట్టూ తిరిగాడు. పాత అట్టపెట్టెలు కోసి ప్రతి వంపుకూ అచ్చు తీసుకున్నాడు. అప్పుడు ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, వీపు మీది ఆకుల పని చూపించి మెల్లగా అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు. "ఇది గూడా దేన్నో సూసి చేసిందే పాపా. సొంతంగా చేసినోడి ఉలి దూకతాది. సూసి చేసినోడి ఉలి బెదురుతా పోతాది. ఈడ సూడు, యెట్లా బెదిరిండాదో." అయితే ఆ మాట దొరసానమ్మతో అనకూడదని కూడా చెప్పాడు. అది రాజు కూర్చున్న కుర్చీ అని ఆమె నమ్మకం, నమ్మకాన్ని తవ్వడం మన పని కాదన్నాడు.

మొదటి నకలు మాత్రం మండపం కోసమని కాకుండా తన కోసమన్నట్టు చేశాడు. దగ్గరి రంగు కొయ్య కోసం వారం తిరిగి గుమ్మడి టేకు తెచ్చాడు. తంజావూరు బొమ్మలకు రేకు అంటించే ఒకాయనను పిలిపించి అరిగిన చోట అరిగినట్టే బంగారు రేకు వేయించాడు, తేయాకు నీళ్ళతో కొత్తదనం చంపాడు. రెండూ పక్కపక్కన పెడితే మా పనివాళ్ళే తడబడ్డారు. టీ అంగడాయన వచ్చి చూసి, "మేస్త్రీ, రాజుగారొస్తే ఆయనకే తెలీదప్పా యాడ కూసోవాల్నో" అన్నాడు. నాయన నవ్వలేదు గానీ ఆ రోజంతా ఆయన ముఖం వెలుగుతూ ఉండింది. నేను నాయనను అంత సంతోషంగా చూడటం అదే చివరిసారి.

దొరసానమ్మ కుర్చీని తిరిగి పంపే ముందు రోజు నాయన పనిమీద తిరుపతికి పోతూ, పాతదాన్ని గుడ్డతో తుడిచి పెట్టమని నాతో చెప్పాడు. తుడిచి పెట్టమన్నాడు, అంతే. రెండు కుర్చీలనూ పరుపులు తీసేసి తలకిందులుగా పెట్టాను. మాది అద్దంలాగా ఉంది. పాతదాని అడుగు నల్లగా మురికి పట్టి, వెనక చట్టం మీద వరసగా గాట్లు పడి, పక్కన ఒక చింపిరి కాగితం ముక్క అంటుకుని ఉంది. చెయ్యి పెడితే గాట్లు వేలికి తగులుతున్నాయి. పురుగు కొట్టిందేమో, ఎవరో మేకులతో గుచ్చారేమో అనుకున్నాను. మా షెడ్డులోంచి పోయే సామాను అడుగు ఇట్లా ఉండటమా అనిపించింది. నాయన వచ్చి తడిమితే ఆ చెయ్యి ఆగిపోతుంది కదా అనిపించింది. రెండూ జతగా ఉండాలి, పాతదాన్ని కూడా నేను రుద్దానంటే నాయన మెచ్చుకుంటాడు అనిపించింది. కాగితం ముక్కను నీళ్ళతో నానబెట్టి గీకేశాను. గరుకు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి, సన్నకాగితంతో ముగించి, వేలు జారిపోయేదాకా రుద్దాను. నల్లటి కొయ్య కింద తెల్లటి కొయ్య బయటపడింది, గాట్లు పోయాయి. ఎంత బాగా వచ్చిందో అని ఆ సాయంత్రం నేనే పది సార్లు చెయ్యి పెట్టి చూసుకున్నాను. మరుసటి ఉదయం లారీ తొందరగా వచ్చింది. అది మా పని కాదు కాబట్టి నాయన తన పద్ధతి ప్రకారం దాన్ని తడమలేదు, అప్పటికే పరుపు వేసి కట్టేసిన కుర్చీని అలాగే తీసుకుపోయి అప్పజెప్పి వచ్చాడు.

మూడు నాలుగు నెలలు గడిచాయి. దొరసానమ్మ ఆ కుర్చీని పెనిమిటి పేరు మీద మద్రాసులో ఒక మ్యూజియానికి ఇవ్వాలనుకుంది. ఆమెకు అది ఒక్కటే కోరిక, బిడ్డలు లేరు, ఆయన పేరు ఒక చోట రాసి ఉండాలని. పాత సామాన్లు తెలిసిన ఒకాయన మద్రాసు నుంచి వచ్చి కుర్చీని తిప్పి చూశాడు. ఇలాంటి కుర్చీలు రెండు రకాలని ఆయన ఆమెకు వివరించాడట. నిజంగా ఫ్రెంచి రాజుల ఇంటికోసం చేసినవి ఒక రకం. వాటిని మాదిరిగా పెట్టుకుని నూరేళ్ళ తరవాత అక్కడి మేస్త్రీలే ధనవంతులకోసం చేసినవి ఇంకో రకం, మన రాజులూ జమీందారులూ ఎక్కువగా తెప్పించుకున్నది ఇవే. ఏ రకమైనా వెనక చట్టం అడుగున చేసినవాడి పేరు అచ్చుగుద్ది ఉంటుంది, రెండో రకమైనా మాకు గౌరవమే, తీసుకుంటాం అన్నాడట. ఇక్కడ మాత్రం అచ్చు లేదు, కొయ్య తెల్లగా ఉంది. ఇది నిన్నమొన్న చేసిన కుర్చీ అని తేల్చేసి వెళ్ళిపోయాడు.

దొరసానమ్మ ఇంటి కార్యస్థుడు మా షెడ్డుకు వచ్చిన రోజు నేను లక్క నూరుతున్నాను. ఆయన అరవలేదు, బాగా మర్యాదగానే మాట్లాడాడు. మేస్త్రీ నకలు ఇచ్చి అసలు ఉంచుకున్నట్టున్నాడు, ఏదో పొరపాటు జరిగి ఉంటుంది, మార్చి ఇచ్చేస్తే సరిపోతుంది అన్నాడు. వంపులకు అట్టలు కోసుకునేటప్పుడు నాయన ఆ కుర్చీని ఎన్నిసార్లు తిప్పాడో, ఆ గాట్లు ఆయనకు తెలుసు. కార్యస్థుడు పోయాక నా దగ్గరికి వచ్చి కూర్చుని, "పాపా, వెనక సట్టం కింద అచ్చరాలుండె గదా. నువ్వు తుడిసేటప్పుడు ఉండెనా?" అని అడిగాడు.

అచ్చరాలు. గాట్లు అక్షరాలా? నేను నోరు తెరిచి చెప్పాల్సిన చోట అదే. నేనే రుద్దేశాను నాయనా అంటే, అక్షరాలని తెలియలేదా అని అడుగుతాడు. తెలియలేదంటే ఇన్నాళ్ళూ చదివినట్టు నటించిందంతా బయటపడుతుంది. పక్కనే అన్న బాడిశకు పదును పెడుతూ, పెట్టడం ఆపి, వింటున్నాడు. నేను చూడలేదు నాయనా అన్నాను. ఆయన నా చేతుల వైపు ఒక్క క్షణం చూశాడు. షెడ్డులో ఉప్పుకాగితం ఎక్కువగా పట్టేది ఆ చేతులే.

మరుసటి వారం నాయన మొదటి నకలును లారీలో వేసుకుని పలమనేరు దోవ పట్టాడు. అన్నను రమ్మన్నాడు, నన్నూ రమ్మన్నాడు. నన్ను ఎందుకు రమ్మన్నాడో అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు బాగా అర్థమవుతుంది. నాకు ఇంకొక అవకాశం ఇచ్చాడు.

దొరసానమ్మ నెరిసిన జుట్టు ముడి వేసుకుని, తెల్లచీరలో, నడవాలో మామూలు బెంచీ మీద కూర్చుని ఉంది. నాయన రెండు కుర్చీలనూ ఆమె ముందు పెట్టించి, తలకిందులు చేయించి, ఇదమ్మా మీది, ఇది నేను చేసింది, రెండూ మీరే ఉంచుకోండి అన్నాడు. అచ్చు ఏమైందని ఆమె అడిగింది. నాయన, "నా చేత్తోనే ఉప్పుకాగితం పట్టేసినానమ్మా. మా షెడ్డు అలవాటు. తప్పు నాదే" అన్నాడు. కార్యస్థుడు పక్కనుంచి నవ్వాడు. "ముప్పై ఏండ్లుగా ఉలి పట్టిన మేస్త్రీ, అచ్చరాల మీద కాగితం పట్టినాడంట! ఈ కతను ఆవులు గూడా నమ్మవు" అన్నాడు. అది నిజమే మరి, నాయన అలాంటి పని చేసేవాడు కాడని తెలిసిన వాళ్ళెవరూ నమ్మరు. ఆయన మంచి పనివాడు కావడమే ఆయనకు ఎదురు సాక్ష్యమైంది.

అప్పుడు దొరసానమ్మ నా వైపు తిరిగింది. ఆ కళ్ళలో కోపం లేదు, ఎవరైనా ఒక మాట చెబితే నమ్మాలనే ఆత్రం ఉంది. "నువ్వు సెప్పుమ్మా. ఆడ పని చేసేదానివి. చదువు గూడా వచ్చునంట, మీ నాయన సెప్తాండె. అచ్చరాలుంటే నీకు కనపడకుండా పోతాయా? మీ నాయన రుద్దింది నువ్వు సూసినావా?" అని అడిగింది.

నడవాలో అందరూ నా వైపే చూస్తున్నారు. నాయన మాత్రం చూడలేదు, తలకిందులుగా ఉన్న కుర్చీని చూస్తున్నాడు. నేను రుద్దానని చెబితే చాలు, తేలిపోయేది. చూపించడానికి నా వేళ్ళ కొనలు ఉన్నాయి, అరిగి, గీతలు పోయి. నాకు చదువు రాదమ్మా, గాట్లనుకున్నాను, అని చెబితే ఆమె నమ్మి ఉండేది, అది ఆమె ముఖంలో కనబడింది. నేను చెప్పింది వేరు. "నాకేం తెల్దమ్మా" అన్నాను.

ఆ మాటతో నాయన చెప్పింది కూడా అబద్ధమైపోయింది. దొరసానమ్మ నాయనతో ఒకే మాట అంది. "మీ నాయన ఈ ఇంటికి తలుపులు చేసినాడు. అవి మూసేటప్పుడంతా నిన్ను తలుసుకుంటాలే, పో." రెండు కుర్చీలనూ అక్కడే వదిలిపెట్టి వచ్చేశాం. దారిలో అన్న ఏదేదో అంటూనే ఉన్నాడు, నాయన బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నేను ఆయన పక్కనే కూర్చున్నాను. చిత్తూరు వచ్చేదాకా మా ఇద్దరి భుజాలూ ఆనుకునే ఉన్నాయి, ఆయన పక్కకు జరగలేదు. జరిగి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఊళ్ళో మాట పాకడానికి ఎంతసేపు? సంత రోజు ఎవరో ఒకరు, "ఏం మేస్త్రీ, రాజుగారి కుర్చీ యాడ దాసినావప్పా? మేమూ ఒకసారి కూసుంటాం" అనేవాళ్ళు. సగం వేళాకోళం, సగం మెచ్చుకోలు, రాజునే మోసం చేసే పనితనం అని. మెచ్చుకోలే నాయనను ఎక్కువ బాధపెట్టింది. మండపం కుర్చీలను అన్న బంగారు రంగు పూసి ముగించి ఇచ్చాడు. నాయన ఆ తరవాత నగిషీ పని ముట్టలేదు. మంచాలు, కిటికీలు, దర్వాజాలు, దారం పట్టి చేసే పనులే చేశాడు. ఇంటి సామాను దేన్నీ మాదిరికోసం ఎవరూ ఆయన చేతికి ఇవ్వలేదు, ఆయనా అడగలేదు.

నన్ను షెడ్డు మానమనలేదు. కసురుకోలేదు. మిగతావాళ్ళ పనిని ఎప్పటిలాగే తలకిందులు చేయించి, కళ్ళు మూసుకుని తడిమేవాడు. నేను రుద్దిన సామాను వచ్చినప్పుడు మాత్రం చెయ్యి పెట్టేవాడు కాదు. బాగుందిలే పాపా, ఎత్తిపెట్టు అనేవాడు. ఆ మాటలో కఠినం కూడా ఉండేది కాదు. తొమ్మిదేళ్ళు అట్లా జరిగింది. ప్రతిసారీ ఈసారి చెబుదాం అనుకునేదాన్ని, ఎవరో ఒకరు పక్కన ఉండేవాళ్ళు, లేకపోతే ఆయన దగ్గుతూ ఉండేవాడు, లేకపోతే పండగ వచ్చేది. ఆ తొమ్మిదేళ్ళలో మేమిద్దరమే ఉన్న మధ్యాహ్నాలు ఎన్నో లెక్కలేదు. ఆయన పోయాడు. దినాలకు వచ్చిన ఒక పెద్దమనిషి, అన్నీ బాగుండె గానీ ఆ కుర్చీ ఒక్కటీ మచ్చ మిగిలె అన్నాడు. నేను ఆయనకు మజ్జిగ గ్లాసు అందించి లోపలికి పోయాను.

ఆయన పోయి పదేళ్ళు దాటాక మా వీధిలో పెద్దవాళ్ళకోసం సాయంత్రం బడి పెట్టారు. మొదట సిగ్గుపడి పోలేదు. నా ఈడు ఆడవాళ్ళు నలుగురు పలకలు చంకన పెట్టుకుని పోతుంటే చూసి, నేనూ పోయాను. నాకు చదువు రాదని నోరు విడిచి చెప్పిన మొదటి మనిషి ఆ టీచరమ్మ, నాకంటే పాతికేళ్ళు చిన్నది. ఆమె ఆశ్చర్యపోలేదు, రాదు కాబట్టే గదా అక్కా వచ్చినావు అంది. ఇంత సులువుగా అయిపోయే మాటకోసమా నేను అంత చేసింది అని ఆ రోజు పలక ముందు పెట్టుకుని కూర్చుండిపోయాను. నెల తరవాత నా పేరు నేను రాశాను. మళ్ళీ రాయడానికని అరచేత్తో తుడిచాను. చేతికి తెల్లటి పొడి అంటింది. అప్పుడు నా చెయ్యి ఆగిపోయింది. ఆ చట్టం కింద ఉన్నదీ ఇట్లాంటిదే. ఎక్కడో చల్లటి దేశంలో ఒక మేస్త్రీ, రాజుకోసం చేసినవాడో, రాజు కుర్చీని చూసి బెదురుతూ చేసినవాడో, ఎవరికీ కనబడని చోట తన పేరు తాను గుద్దుకున్నాడు. నేను దాన్ని మురికి అనుకుని తుడిచేశాను. ఆ ఒక్కడి పేరేనా, నోరు విప్పకుండా మా నాయన పేరు కూడా తుడిచేశాను.

ధైర్యం తెచ్చుకుని, కొత్తగా వచ్చిన అక్షరాలతో బస్సు బోర్డు నేనే చదువుకుని పలమనేరుకు పోయాను. దొరసానమ్మ అప్పటికే పోయి నాలుగేళ్ళయింది. ఆమె మేనకోడలు ఇంట్లో ఉంది, చల్లగా మాట్లాడే మనిషి. నడవాలో రెండు కుర్చీలూ పక్కపక్కన ఉన్నాయి, ఒకదాని మీద దినపత్రికలు, ఒకదాని మీద ఉతికిన బట్టలు. నేను నిలబడే మొత్తం చెప్పేశాను, రుద్దింది నేను, అబద్ధం ఆడింది నేను, మా నాయన దొంగ కాడు. ఆమె ఓపికగా విని, "ఎప్పుటి మాటో గదమ్మా, మా అత్త పోయె, మీ నాయన పోయె. ఇంతకీ పాతది ఏదో సెప్పు, మాకెవురికీ తెల్దు" అంది. నేను ఒకదాని తరవాత ఒకదాన్ని తడిమాను. రెండింటి అడుగులూ ఒకటే నునుపు, రెండూ నేనే రుద్దినవి. ఇన్నేళ్ళలో తెల్లటి కొయ్య కూడా ఒకే రంగుకు తిరిగింది. ఉలి బెదురు కోసం ఆకుల మీద వెతికాను. అది చూడటం నాయనకు వచ్చు, నాకు రాదు. తెలియడం లేదమ్మా అన్నాను. "ఏదైతే ఏముండాదిలే, రెండూ బాగుండాయి, కాఫీ తాగి పో" అని ఆమె లోపలికి పోయింది. నేను కాఫీ తాగాను. అంతే, నా ఒప్పుకోలు అక్కడితో అయిపోయింది. దాన్ని ఎవరికి చెప్పాలో వాళ్ళెవరూ లేని ఇంట్లో చెప్పి వచ్చాను.

ఇప్పుడు మా పక్క షెడ్డుల్లో పనివాళ్ళు ఫోనులో బొమ్మ చూసి ఏ దేశపు కుర్చీనైనా దించేస్తున్నారు. ఎవరి ఇంటినుంచీ మాదిరి తెచ్చుకోనక్కర లేదు, ఎవరికీ ఆన పెట్టి మాట ఇవ్వనక్కర లేదు. అసలు ఏది, నకలు ఏది అని అడిగేవాళ్ళూ లేరు, అందువల్ల దొంగ అనిపించుకునేవాళ్ళూ లేరు. అది మంచిదే కావచ్చు. నాకు మాత్రం ఇంకొక మార్పు ఎక్కువగా కనబడుతుంది. మొన్న మా ఇంట్లో అన్న మునిమనవరాలు, ఐదేళ్ళ పిల్ల, గాజు గిన్నె పగలగొట్టింది. చప్పుడుకు నేను వంటింట్లోంచి వచ్చేసరికి, ముక్కల మధ్య నిలబడి, "నేనే అవ్వా, నేనే పగలగొట్టినా" అని చెప్పి, నేను ముక్కలు ఏరుకునేలోపల ఆడుకోవడానికి పరిగెత్తింది. భయం లేదు, సాకు లేదు, ఎవరేమంటారో అనే ఆలోచనా లేదు. ఈ కాలం పిల్లలకు గారాబం ఎక్కువైందని మా వదిన విసుక్కుంటుంది. నేను ఆ పిల్ల పరిగెత్తిన వైపే చూస్తూ, నేనే నాయనా, అని లోపల అనుకుంటాను. రెండు మాటలు. ఆయన అడిగిన రోజు షెడ్డులో అవి నా నోటిదాకా వచ్చాయి.